పోటు రోజుల మైళ్ళు

ఎవెరిల్ టినియన్‌కి మొదటి ఉద్యోగం యాభై ఆరో ఏట దొరికింది. అంతవరకూ ఆమె ఖాళీగా కూర్చుందని కాదు. పదిహేడేళ్ళు మంచాన పడ్డ తల్లికి తిండి పెట్టింది, ఒళ్ళు తుడిచింది, తిట్లు తింది. ఆ తల్లి గొంతు సిల్లోత్‌లో మా వీధి చివరిదాకా వినబడేది. "ఒసే మొద్దూ, టీ చల్లారిపోయింది, నీ మొహంలాగే" అనేది. ఎవెరిల్ మళ్ళీ కాచేది. ఒక ఏప్రిల్‌లో ఆవిడ పోయింది. మే మొదటివారానికల్లా ఎవెరిల్ పనిలో చేరింది. చేతనైన పని అదొక్కటే: ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళను లేపి, కడిగి, తిండి పెట్టి, మందులిచ్చి రావడం. ఇళ్ళకు మనుషుల్ని పంపే కంపెనీ ఒకటి మా ఊళ్ళో బేకరీ పైన ఉండేది. కారు ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. మైలుకి ఇరవై రెండు పెన్నీలు ఇచ్చేవాళ్ళు.

ఎవెరిల్‌కి నీలం రంగు చిన్న కారు ఉండేది, తల్లిని ఆసుపత్రికి తిప్పడానికి కొన్నది. దాన్ని ఆమె ఎంత జాగ్రత్తగా నడిపేదంటే వెనక వచ్చేవాళ్ళు హారన్ కొట్టి విసిగిపోయేవాళ్ళు. ముందు సీటులో ఒక నోటు పుస్తకం పెట్టుకునేది. ప్రతి ఇంటి దగ్గరా ఆగి, కారులో మైళ్ళు చూపే మీటరు చూసి రాసుకునేది. పక్కనే ఆ ఇంట్లో ఏం చేసిందో ఒక ముక్క. "మిసెస్ నోబుల్. కాళ్ళకు మందు. సగం గుడ్డు తింది." ఈ రాత ఎవరూ అడగలేదు. ఆమె స్వభావం అంతే.

ఆమె చూసేవాళ్ళలో ఐజాక్ గ్లెయిస్టర్ ఒకడు. ఎనభై నాలుగేళ్ళ గొర్రెల రైతు. కాళ్ళు పడిపోయాయి గాని నోరు పడిపోలేదు. సాల్వే పర్ర అంచున, సముద్రం పొంగితే మునిగే గడ్డినేల పక్కన, ఒంటరి ఇల్లు అతనిది. మధ్యాహ్నం పన్నెండింటికి అన్నం, మందు, బట్టలు మార్చడం. పర్ర మీద రోడ్డు పట్టుకుంటే అతని ఇల్లు నాలుగు మైళ్ళు. కాని సముద్రపు పెద్ద పోట్లన్నీ మాకు మధ్యాహ్నానికే వస్తాయి. నెలలో మూడు నాలుగు రోజులు పన్నెండింటికి ఆ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళుంటాయి, గడ్డి కొనలు తప్ప ఏమీ కనబడదు. ఆ రోజుల్లో ఎవెరిల్ చుట్టు తిరిగి, పొలాల మధ్య నుంచి పదకొండు మైళ్ళు వెళ్ళేది. పదకొండు వెళ్ళేది గనక పదకొండు రాసేది.

నవంబరులో ఒక బుధవారం కంపెనీ మేనేజరు కొరీన్ లాష్ అందరినీ పిలిచింది. ఇది నాకు అక్కడ పనిచేసే మా పక్కింటి జీనా చెప్పింది. గోడ వెంబడి కుర్చీల్లో పదకొండు మంది కూర్చున్నారు. కొరీన్ ఒక మ్యాపు కాగితం ఎత్తి చూపించింది.

"ఎవెరిల్, నీ కారేమైనా పర్ర మీద గొర్రెల్ని మేపుతోందా? ఐజాక్ ఇంటికి నాలుగు మైళ్ళు. నువ్వు పదకొండు రాశావ్."

"ఆ రోజుల్లో పోటు రోడ్డెక్కింది, కొరీన్. చుట్టూ తిరిగి వెళ్ళాను."

"నా మ్యాపులో పోటు కనబడ్డంలేదే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవెరిల్ మెడ ఎర్రబడింది.

"నీళ్ళుంటే దిగేదాకా ఆగాలి. అందరూ ఆగుతారు" అంది కొరీన్.

"ఆగితే రెండు గంటలవుతుంది. అప్పటిదాకా ఆయన తడిబట్టల్లో ఉంటాడు. మందు పన్నెండింటికే వెయ్యాలి."

"ఓహో. డాక్టరమ్మ చెప్తోంది, వినండి." కొరీన్ వేళ్ళ మీద లెక్కపెడుతున్నట్టు చేసింది. "ఇరవై మూడుసార్లు. వెళ్ళేటప్పుడు ఏడు ఎక్కువ, వచ్చేటప్పుడు ఏడు ఎక్కువ. ముసలోళ్ళ పేరు చెప్పి డెబ్బై పౌండ్లు కొట్టేశావ్. మీ అమ్మ ఇంట్లో కూడా ఇలాగే చిల్లర ఏరుకున్నావా?"

ఎవెరిల్ నోటు పుస్తకం తీసి చూపించబోయింది. కొరీన్ దాన్ని ముట్టుకోలేదు. "నువ్వు రాసుకున్నదాన్నే నువ్వు సాక్ష్యంగా తెస్తావా" అని, మెళ్ళో ఉన్న కంపెనీ గుర్తింపు బిళ్ళ అక్కడే తీసి ఇమ్మంది. ఎవెరిల్‌కి ఆ బిళ్ళ తాడు జుట్టులో చిక్కుకుంది. విడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. పదిమందీ చూస్తూ కూర్చున్నారు. జీనా కూడా చూస్తూ కూర్చుంది. నాకు చెప్పేటప్పుడు ఆ సంగతి తనే ఒప్పుకుంది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు విగ్టన్ ఫ్యాక్టరీలో జీతాల గుమాస్తాగా చేసి మానేసినదాన్ని. మంగళవారాలు లైబ్రరీలో బల్ల ముందు కూర్చుని, ఫారాలు నింపడం రానివాళ్ళకు సాయం చేస్తాను. ఫిబ్రవరిలో ఎవెరిల్ వచ్చింది. కోటు విప్పకుండానే కూర్చుంది.

"హిల్డా, నేను దొంగని కాదని ఎవరైనా ఒక కాగితం మీద రాసిస్తారా?"

అలాంటి కాగితం ఇచ్చే ఆఫీసు లేదని చెప్పాను. ఆమె పుస్తకం నా ముందుకు తోసింది. నాలుగు పేజీలు తిరగేశాక నాకు ఒకటి తోచింది. సొంత కారును పనికి వాడితే మైలుకి నలభై అయిదు పెన్నీల దాకా పన్ను ఉండదు. కంపెనీ ఇరవై రెండే ఇస్తే, తక్కువైన ఇరవై మూడు పెన్నీలకు పన్ను మినహాయింపు అడగొచ్చు. ఏడాదంతా పని చెయ్యకపోయినా ఫరవాలేదు. ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో తేదీలు రాసి, ఆ మధ్యలో తిరిగిన మైళ్ళు రాస్తే చాలు.

"అంటే గవర్నమెంటు నా మైళ్ళు చూస్తుందా?"

"చూస్తుంది."

"పోటు రోజులవి కూడానా?"

"నువ్వు నిజంగా తిరిగినవన్నీ."

అప్పుడు కోటు విప్పింది.

పన్ను సంవత్సరం ఏప్రిల్ అయిదుకి ముగుస్తుంది. ముగిశాక పంపుదాం, ఈలోగా శుభ్రంగా ఎత్తి రాయమన్నాను. ప్రతి మంగళవారం పదింటికల్లా వచ్చేది. ఒక స్కేలు, రెండు పెన్నులు తెచ్చుకునేది. తేదీ, ఇల్లు, బయలుదేరినప్పటి మీటరు, చేరినప్పటి మీటరు. చేపలవాళ్ళ దుకాణంలో నిరుటి పోటు వేళల పుస్తకం సంపాదించి, ఆ ఇరవై మూడు రోజుల పక్కనా నీళ్ళ ఎత్తు రాసింది. ఇంటి నుంచి మొదటి ఇంటికి వెళ్ళిన మైళ్ళు మాత్రం లెక్కలోకి రావన్నాను. రోజూ ఉదయం ఆరు మైళ్ళు. ఆమె ఒక్క మాట అనకుండా స్కేలు పెట్టి వాటిని కొట్టేసుకుంటూ పోయింది.

మార్చి రెండో మంగళవారం జీతం చీటీలు తెచ్చింది. ఏడు చీటీలు. ముప్పై ఒక్క ఏళ్ళు అవే చూసిన కళ్ళు నావి, కూడడానికి కాగితం అక్కర్లేదు. ఏడు నెలల జీతం కలిపినా, పన్ను లేకుండా సంపాదించుకోగల మొత్తానికి దరిదాపుల్లో లేదు. ఏ చీటీలోనూ పన్ను కోయలేదు. కట్టని పన్నులో మినహాయింపు ఎక్కణ్ణుంచి వస్తుంది? మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు.

చెబుదామని నోరు తెరిచాను. ఆమె అప్పుడే జూలై పేజీ పూర్తిచేసి, ఆరడానికి ఊదుతోంది. "ఈ నెలలో ఒక్క కొట్టివేత కూడా లేదు, చూడు" అంది. "బాగుంది" అన్నాను. ఆమె మీద జాలితోనే ఊరుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. జీతాల గుమాస్తా ఇంత చిన్న సంగతి మరిచిపోయిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది.

పంపేముందు ఆమెకు ఇంకో కోరిక పుట్టింది. పోటు రోజుల్లో చుట్టూ తిరిగి వచ్చేదని ఐజాక్ ఒక చీటీ రాసిస్తే జతచేస్తానంది. అవసరం లేదన్నా వినలేదు. ఒక ఆదివారం ఇద్దరం ఆమె కారులోనే వెళ్ళాం.

ఐజాక్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో దుర్భిణి. పర్ర మీదికి ఏ కారు వచ్చినా, ఎవడి కుక్క వచ్చినా, బాతుల గుంపు ఎటు పోయినా చూసి చెప్పడం అతని పని అని మా వైపు అందరికీ తెలుసు.

"వచ్చావా, పిల్లా. నీ బదులు ఇప్పుడొచ్చేది సూపు కూడా మాడుస్తోంది" అన్నాడు.

ఎవెరిల్ సంగతి చెప్పింది. కాగితం, పెన్ను అతని ముందు పెట్టింది. ఆయన పెన్ను వంక చూశాడు.

"నువ్వు ఏ దారినొచ్చావో నేనెప్పుడూ చూళ్ళేదు."

"మిస్టర్ గ్లెయిస్టర్, మీరు ఈ కిటికీలోంచి చూసేవారు. 'ఇవాళ చుట్టూ తిరిగొచ్చావే' అనేవారు కూడా."

"అన్నానేమో. గుర్తులేదు. వాళ్ళతో తగువు నాకెందుకు? రేపు వాళ్ళు మనిషిని పంపడం మానేస్తే నా ముడ్డి ఎవరు కడుగుతారు, నువ్వా?"

"కడుగుతాను."

"ఊరికేనా?"

ఎవెరిల్ పెన్నుకు మూత పెట్టింది. ఐజాక్ నా వైపు తిరిగి నవ్వాడు. "దీని తల్లి మా దగ్గర ఉన్ని ఏరడానికి వచ్చేది. ఇదే గనక గొర్రెపిల్లయితే తల్లి గొర్రె పుట్టినరోజే తన్నేసి ఉండేది, మనిషిగా పుట్టబట్టి బతికింది అనేది. ఇంతకాలానికి అర్థమైంది ఆవిడ మాట."

ఎవెరిల్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళాం. "వీపు వెనక దిండు జారింది, సరిచేసి పో" అన్నాడు ఐజాక్. ఆమె వెనక్కి వెళ్ళి, అతన్ని భుజాలు పట్టి ముందుకు వంచి, దిండు దులిపి సర్ది, శాలువా కప్పి వచ్చింది.

ఏప్రిల్ మూడోవారంలో ఫారం పోస్టు చేశాం. నాలుగువేల నూట పన్నెండు మైళ్ళు. ఆమె పోస్టు డబ్బా ముందు నిలబడి, కవరు లోపల పడిన చప్పుడు వినేదాకా కదల్లేదు. అదే నెలలో కారు ఇన్సూరెన్సు గడువు అయిపోయింది. కట్టలేక మే నెలలో కారు అమ్మేసింది.

మే చివర్లో పెద్ద పోటు వచ్చిన రోజున ఐజాక్ కుర్చీలోంచి జారి నేల మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కొత్తగా చేరిన పిల్ల పన్నెండింటికే పర్ర దాకా వచ్చింది. రోడ్డు మీద నీళ్ళు చూసి, చెప్పినట్టే కారాపుకుని కూర్చుంది. నీళ్ళు దిగి ఆమె ఇల్లు చేరేసరికి రెండున్నర. ఆయన పొద్దున్న పదకొండున్నర నుంచీ నేల మీదే ఉన్నాడు. ఆ మరుసటి వారమే కొరీన్ అందరికీ చీటీలు పంచింది: పోటు రోజుల్లో చుట్టూ తిరిగి వెళ్ళాలి, ఆ మైళ్ళకు కంపెనీ డబ్బులిస్తుంది. పోస్టాఫీసు వరసలో జీనా ఈ కబురు చెబుతుంటే ఎవెరిల్ నా వెనకే నిలబడి ఉంది.

"ఎన్ని గంటలు పడున్నాడు?" అని అడిగింది.

"మూడు."

"ఊఁ" అని స్టాంపులు కొనుక్కుని వెళ్ళిపోయింది.

జూలైలో ఉత్తరం వచ్చింది. విప్పకుండా మా ఇంటికే తెచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, కత్తితో అంచు కోసింది. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదివింది. ఉద్యోగం తేదీలు నమోదయ్యాయి. మైళ్ళు ఆమె రాసినవి రాసినట్టే నమోదయ్యాయి, ఒక్కటీ తగ్గించలేదు. అక్కడ ఆగి నా మొహం చూసి నవ్వింది. ఆమె పళ్ళు నేను సరిగా చూడడం అదే మొదలు. తరవాతి వాక్యం చదివింది. ఆ ఏడాది ఆమె కట్టిన పన్ను సున్నా. కాబట్టి తిరిగి ఇవ్వవలసింది సున్నా.

మళ్ళీ చదివింది.

"అయితే ఇది ముందే తెలిసే సంగతేనా? చీటీలు చూస్తే తెలిసిపోతుందా?"

"తెలుస్తుంది."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. కాని ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. "మార్చిలో" అన్నాను.

"మార్చిలో." ఉత్తరం మడిచింది. "ఆ తరవాత ఐదు మంగళవారాలు రాశాను నేను. నువ్వు పక్కన కూర్చుని గీతలు తిన్నగా ఉన్నాయన్నావు."

"నీకది మంచి చేస్తోందనుకున్నాను, ఎవెరిల్."

"జాలిపడ్డావన్నమాట. కొరీనే నయం. మొహం మీద అనేసింది."

టీ అలాగే వదిలేసి లేచింది. నేరుగా బేకరీ పైనున్న కంపెనీకి వెళ్ళిందట. అక్కడి సంగతి మళ్ళీ జీనాయే చెప్పింది. ఎవెరిల్ ఉత్తరాన్ని కొరీన్ బల్ల మీద పరిచి, మైళ్ళు ఒప్పుకున్న వాక్యం వేలితో చూపించింది. "గవర్నమెంటు నమ్మింది. ఒక్క మైలు కూడా కొట్టెయ్యలేదు" అంది. కొరీన్ కళ్ళజోడు పెట్టుకుని కిందిదాకా చదివింది.

"నిజమే, కొట్టెయ్యలేదు. వెల కట్టారు, ఇదుగో. సున్నా." పక్కగదిలో వాళ్ళకు వినబడేలా ఇంకోసారి చదివింది. "పోనీలే ఎవెరిల్, మేం దానికన్నా ఎక్కువే ఇచ్చాం."

ఎవెరిల్ ఉత్తరం తీసుకునేలోపే కొరీన్ దాన్ని మిషను మీద పెట్టి ఒక కాపీ తీసింది. సున్నా చుట్టూ ఎర్ర గీత గీసి, టీ కాచుకునే చోట గోడకు అంటించింది. క్రిస్మస్ దాకా అది అక్కడే ఉంది. ఎవరూ పీకెయ్యలేదు. నువ్వెందుకు పీకలేదని జీనాను అడిగాను. "నాకు ఉద్యోగం ఉండాలిగా" అంది.

ఎవెరిల్ నాతో మూడువారాలు మాట్లాడలేదు. ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేసి, ఐజాక్‌ని చూడడానికి ఆసుపత్రికి తీసుకెళతావా అంది. నన్ను క్షమించిందనుకుని సంబరపడ్డాను. నా దగ్గర కారుంది, ఆమె దగ్గర లేదు, అంతే సంగతి.

ఐజాక్ సగానికి సగం అయిపోయాడు. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి. చేతులు దుప్పటి మీద వణుకుతున్నాయి. ఎవెరిల్‌ని చూడగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పిల్లా. నువ్వు చుట్టూ తిరిగే వచ్చేదానివి. నేను చూసేవాణ్ణి, ప్రతిసారీ చూసేవాణ్ణి. కాగితం తెచ్చావా? రాసిస్తాను."

"చెయ్యి వణుకుతోంది మీకు. రాయలేరు."

"నువ్వు రాయి. సంతకం పెడతాను."

"గడువు దాటిపోయింది."

ఐజాక్ గడ్డంతో పక్క బల్ల వైపు చూపించాడు. "ఆ కప్పు అందుకో. ఇక్కడివాళ్ళు దూరంగా పెట్టి పోతారు. పొద్దుణ్ణుంచీ గొంతు ఎండిపోతోంది."

కప్పు ఎవెరిల్ మోచేతి పక్కనే ఉంది. ముక్కు ఉన్న ప్లాస్టిక్ కప్పు, సగం నీళ్ళు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను లేవబోయాను.

"కూర్చో, హిల్డా" అంది, గొంతు పెంచకుండా.

నేను కూర్చున్నాను. ఇప్పటికీ నాకు నేను సమాధానం చెప్పుకోలేని సంగతి అది. ఎవెరిల్ గంట మీట నొక్కింది. "నర్సు వస్తుంది" అంది ఐజాక్‌తో, ఎంతో మర్యాదగా. నర్సు రావడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఆయన కప్పునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు. నర్సు నీళ్ళు పట్టాక ఎవెరిల్ లేచి, కోటు గుండీలు పెట్టుకుని, "వస్తాను, మిస్టర్ గ్లెయిస్టర్" అంది. ఆయన సెప్టెంబరులో పోయాడు. అంత్యక్రియలకు ఎవెరిల్ వెళ్ళలేదు. నేను వెళ్ళాను. కొరీన్ పెద్ద పూలగుత్తి పంపింది.

ఆ మరుసటి వసంతంలో ఎవెరిల్ సముద్రపొడ్డున కారవాన్ల పార్కులో, సెలవులకొచ్చేవాళ్ళు దిగే ఆ చక్రాల ఇళ్ళను శుభ్రం చేసే పనికి కుదిరింది. ఈస్టర్ నుంచి అక్టోబరు వరకే పని. ఇంటి నుంచి నడిచే వెళుతుంది. రెండో ఏడాదికే ఆమెను ఆ పనిచేసే ఆడవాళ్ళందరికీ పెద్దగా నియమించారు. ఎవరెప్పుడు వచ్చారో, ఏ కారవాన్‌కి ఎన్ని నిమిషాలు పట్టిందో అన్నీ రాస్తుందట, ఆమె రాతలో తప్పు దొరకదట. యజమాని అందరి దగ్గరా ఆమెను పొగుడుతాడు.

ఈ జూన్‌లో ఆ పార్కులో ఎవెరిల్ కింద పనిచేసే బల్గేరియా అమ్మాయి ఒకతె, రొస్సిత్సా అని, ఏడుస్తూ లైబ్రరీకి వచ్చింది. బిడ్డకు జ్వరమని మూడుసార్లు పది నిమిషాలు ముందు వెళ్ళిందట. ఎవెరిల్ అది రాసి పైకి పంపింది. రొస్సిత్సా పని పోయింది. ఆమెకు నింపిపెట్టే ఫారం ఏదీ నా దగ్గర లేదు.

సాయంత్రం పార్కుకు వెళ్ళాను. ఎవెరిల్ ఒక కారవాన్ మెట్ల మీద నిలబడి బకెట్‌లో గుడ్డ పిండుతోంది. "ఆ పిల్ల బిడ్డకి జ్వరమట" అన్నాను.

"చెప్పింది నాతో."

"మరి?"

"పది నిమిషాలకి పది నిమిషాలే రాశాను. పదకొండు రాయలేదు." గుడ్డ దులిపి కమ్మీ మీద ఆరేసింది. "బాగా ఏడ్చిందా?"

"ఏడ్చింది."

ఎవెరిల్ తల ఊపింది. గడియారం చూసుకుని, జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకుని, బకెట్ పట్టుకుని పక్క కారవాన్‌లోకి వెళ్ళింది.